మన ఒడిలో వాళ్ళ ఫోటో

కోరుట్లలో బీడీలు చుట్టే ఒక అక్క ఇంట్లో ఇప్పటికీ ఒక సంచి ఉంది. కోడలు సర్కారు దవాఖానలో కాన్పయినప్పుడు ఇచ్చిన కేసీఆర్ కిట్ సంచి అది. అందులో వచ్చిన సబ్బులూ నూనే పౌడరూ ఎప్పుడో అయిపోయాయి. దోమతెర చినిగిపోయింది. సంచి మీది ముఖ్యమంత్రి ఫోటో మాత్రం చెరగలేదు. ఇప్పుడు అందులో ఆమె తునికాకు, కత్తెర, దారపుండ పెట్టుకుంటున్నది. "ఆయన దిగిపోయిండు గదా, మరి ఈ సంచి ఇప్పుడు ఎవరిదమ్మా?" అని నన్ను అడిగింది.

నవ్వులాటకు అడిగిన మాటే. కాని ప్రభుత్వ ప్రకటనల మీద ఏళ్ళ తరబడి కోర్టుల్లో నడిచిన వాదనంతా ఆ మాటలోనే ఉంది. సంచి ఆమెదే. దాని మీద ఫోటో అచ్చు వేసిన ఖర్చు కూడా ఆమెదే. సబ్బుబిళ్ళ కొన్నా, ఫోన్ రీఛార్జి చేయించుకున్నా ఆమె పన్ను కడుతూనే ఉన్నది. ఇక ప్రసూతి సాయం అంటారా, అది ఎవరి దయా కాదు. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం 4వ సెక్షన్ గర్భిణులకు, బాలింతలకు కనీసం 6,000 రూపాయలు హక్కుగా రాసిచ్చింది. 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్ పథకం మగపిల్లవాడు పుడితే 12,000, ఆడపిల్ల పుడితే 13,000 అన్నది. చట్టం చెప్పినదానికంటే ఎక్కువే, ఒప్పుకుందాం. ఎక్కువ ఇచ్చినవాడు ఆ హక్కు మీద తన పేరు రాసుకోవచ్చునని ఏ చట్టంలో ఉంది?

దీని మీద సుప్రీంకోర్టు మాట్లాడకపోలేదు. కామన్ కాజ్ సంస్థ 2003లో నడిపిన పిటిషన్ మీద, ప్రొఫెసర్ ఎన్.ఆర్. మాధవ మీనన్ కమిటీ నివేదిక తెప్పించుకుని, 2015 మే 13న తీర్పు చెప్పింది. ప్రకటన ప్రభుత్వ బాధ్యతలకు సంబంధించినదై ఉండాలి, నిష్పక్షపాతంగా ఉండాలి, పాలక పార్టీకి లాభం చేకూర్చరాదు, పెట్టే ఖర్చుకు కారణం చూపాలి అన్నది. రాష్ట్రపతి, ప్రధాని, భారత ప్రధాన న్యాయమూర్తి తప్ప మరెవరి ఫోటోలూ వద్దన్నది. పది నెలలకే ఆ గోడకు కన్నం పడింది. కేంద్రమూ పలు రాష్ట్రాలూ కలిసి పునఃసమీక్ష అడిగాయి (ఈ ఒక్క విషయంలో ఏ పార్టీకీ ఏ పార్టీతోనూ తగాదా లేకపోవడం గమనించండి). 2016 మార్చి 18న గవర్నర్లు, ముఖ్యమంత్రులు, మంత్రుల ఫోటోలకు కూడా అనుమతి దొరికింది.

మిగిలింది ముగ్గురు సభ్యుల కమిటీ. ఢిల్లీలో అప్పటి ఆమ్ ఆద్మీ ప్రభుత్వ ప్రకటనలను ఆ కమిటీ తప్పుబట్టింది. 97 కోట్లు ఆ పార్టీ నుంచి వసూలు చేయమని 2017లో లెఫ్టినెంట్ గవర్నర్ ఆదేశించారు. 2023 జనవరిలో వడ్డీతో కలిపి 163 కోట్లకు పైగా కట్టమని నోటీసు ఇచ్చారు. అక్కడ ఫైలు కదిలింది, ఎందుకంటే కేంద్రానికీ ఆ ప్రభుత్వానికీ పడేది కాదు. పాలించేవాడూ పర్యవేక్షించేవాడూ ఒకే గూటివారైన చోట ఎవరు కదిలిస్తారు?

అసలు లోపం ఇంకొకటి ఉంది. ఆ మార్గదర్శకాల్లో ప్రకటన అంటే పత్రికలు, టీవీ, రేడియో, ఇంటర్నెట్, సినిమా, రోడ్డు పక్క హోర్డింగు. జగిత్యాల పల్లెల్లో బీడీలు చుట్టే ఆడవాళ్ళలో ఎంతమంది ఇంగ్లీషు పేపరు మొదటి పేజీ చూస్తారు? మన ఇంటికి ప్రకటన వచ్చే దారి వేరు. అది కిట్టు సంచిగా వస్తుంది, చీరగా వస్తుంది, చెక్కుతో పాటు ఉత్తరంగా వస్తుంది. ఓటర్లలో సగం మంది ఆడవాళ్ళని పార్టీలకు బాగా తెలుసు. అందుకే గోడ మీద అతికించేదాన్ని తెచ్చి మన ఒడిలో పెడుతున్నాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఎన్నికలకు రెండు నెలల ముందు డ్వాక్రా మహిళలకు తలా 10,000 రూపాయల చెక్కులు పంచారు. ఆ పథకం పేరు పసుపు-కుంకుమ. ప్రభుత్వ ఖజానా సొమ్ముకు పుట్టింటి సారె పేరు! భర్త పోయిన సభ్యురాలు ఆ పేరు గల చెక్కు ఎలా అందుకుంటుందని పేరు పెట్టినవారికి తోచలేదు. తర్వాత వచ్చిన ప్రభుత్వం పంచాయతీ కార్యాలయాలకు తన పార్టీ రంగులు పూయించింది. హైకోర్టు తీసేయమంటే, ఇంకో రంగు కలిపి సమర్థించుకుంది. 2020 జూన్ 3న సుప్రీంకోర్టు కూడా కాదన్నాక గాని సున్నం వేయలేదు. కేంద్ర పాలకులేమీ తక్కువ తినలేదు. 2022 సెప్టెంబర్‌లో కామారెడ్డి జిల్లా బీర్కూర్ రేషన్ దుకాణంలో ప్రధాని ఫోటో ఎందుకు లేదని కేంద్ర ఆర్థిక మంత్రి కలెక్టరును నిలదీశారు. దానికి జవాబుగా గ్యాస్ బండల మీద అదే ప్రధాని ఫోటో, పక్కన 1,105 రూపాయల ధర అతికించారు. ఆ జవాబు మనకూ నవ్వు తెప్పించింది. అయితే బియ్యమూ గ్యాసూ వాళ్ళ జగడానికి కాగితాలైపోయాయి.

సిరిసిల్లలో ఇది నవ్వుకునే విషయం కాదు. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చింది. ఏటా కోటి చీరల మాట. మరమగ్గాల కార్మికుల ఆత్మహత్యలు చూసిన ఆ ఊరిలో సాంచాలు ఆడాయి, ఆసాములకు పని దొరికింది, కండెలు చుట్టే ఆడవాళ్ళకు కూలి దొరికింది. ఆ మేలును తక్కువ చేయము. ఆ పేరులో ఏ నాయకుడూ లేడు కూడా. కాని ఆ చీర పంచేందుకు వేదిక కావాలి, ఫ్లెక్సీ కావాలి, ఎమ్మెల్యే చేతులు కావాలి. మొదటి ఏడాదే సూరత్ నుంచి తెప్పించిన చీరలు కలిశాయి. నాణ్యత బాగాలేదని కొన్నిచోట్ల స్త్రీలు వాటిని తగలబెడితే అది ప్రతిపక్షాల కుట్ర అన్నారు. ఇచ్చింది పుచ్చుకుని దండం పెట్టాలి గాని నేత బాగాలేదనకూడదు! కొనుక్కున్న చీరకు దుకాణంలో బేరమాడతాం, మన డబ్బుతో ఇచ్చిన చీరకు నోరు మూసుకోవాలా?

2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది. బతుకమ్మ చీర ఆగిపోయింది. దానితో పాటే సాంచాలు ఆగాయి. పాత బకాయిల కోసం 2024లో సిరిసిల్ల రోడ్డెక్కింది. ఆ తర్వాత మళ్ళీ ఆర్డరు వచ్చింది, ఈసారి పేరు ఇందిరమ్మ చీర. 2025 నవంబర్ 19న, ఇందిరాగాంధీ పుట్టినరోజున, మహిళా సంఘాల సభ్యులకు పంచడం మొదలుపెట్టారు. నేసే చేతులు అవే, కట్టుకునే ఒళ్ళు అవే. ఆర్డరును ప్రచారంగా చూసిన ప్రభుత్వం పోతే, వచ్చినవారు దాన్ని ఎదుటివాడి ప్రచారంగానే చూసి ఆపుతారు. మధ్యలో ఆకలి కార్మికులది. ఆ పని ఏ పార్టీ పేరూ లేని చట్టబద్ధమైన కొనుగోలుగా ఉండి ఉంటే, మార్చడానికి పేరే దొరికేది కాదు.

"ఎవరు చేశారో ప్రజలకు తెలియవద్దా?" అంటారు. తెలియనివ్వండి. అయితే అన్నిటి మీదా వేసుకోండి ఫోటోలు. 1978 అక్టోబర్‌లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన ఉత్తర్వు మీద ఎవరి నవ్వు మొహమూ లేదే! బీడీ కట్టలో 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలని 2016లో కొలత వేసి చెప్పారు. ఆ బొమ్మ వల్ల గిరాకీ తగ్గితే చేతిలో పని పోయే ఆడవాళ్ళకు ఏ బతుకుతెరువు చూపుతారో చెప్పే ప్రకటన ఒక్కటీ రాలేదు.

ప్రభుత్వ సొమ్ముతో అచ్చయ్యే మాటలన్నీ చెడ్డవని మేము అనడం లేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా వాచకంలో దూబగుంట స్త్రీల పాఠం కూడా ప్రభుత్వ సొమ్ముతోనే వచ్చింది. అది ఏ నాయకుణ్ణీ పొగడలేదు. చదివిన ఆడవాళ్ళు సారా దుకాణాలు మూయించారు.

కాబట్టి ఫోటో ఒక్కటి తీసేస్తే చాలదు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రం 2004లో చట్టం చేసి, ప్రకటన విడుదలకు ముందే ఆడిటర్ జనరల్ చూసి పార్టీ ప్రచారమైతే ఆపే అధికారం ఇచ్చింది. 2015లో దాన్ని సవరించి, నాయకుడి బొమ్మా పేరూ లాంటివి లేకపోతే చాలన్నట్టు చేశారు. తాను రబ్బరు ముద్రగా మిగిలానని అక్కడి ఆడిటరే చెప్పుకుంది. మనకు కావలసింది సవరించక ముందటి అధికారం. అది సంచికీ, చీర కవరుకూ, చెక్కుతో వచ్చే ఉత్తరానికీ, పథకం పేరుకూ వర్తించాలి. మంత్రివర్గం నియమించని కమిటీ కావాలి. అందులో హైదరాబాదు పెద్దమనుషులే కాక బీడీ కార్మికురాలూ, కండెలు చుట్టే స్త్రీ కూర్చోవాలి. తెలుగులో చేతితో రాసిన ఫిర్యాదు తీసుకోవాలి. తప్పు తేలితే ఖర్చు పార్టీ ఖాతా నుంచి రాబట్టాలి, ఖజానా నుంచి కాదు.

అంతవరకు మన చేతిలో 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. వచ్చే బతుకమ్మలోపు మన సంఘాల తరఫున జగిత్యాల, సిరిసిల్ల కలెక్టరేట్లలో తెలుగులో దరఖాస్తులు వేద్దాం. చీరకు ఎంత, అందులో నేసినవారికి ఎంత, కవరు మీద అచ్చుకు ఎంత, పంచిన రోజు వేదికకూ ఫ్లెక్సీలకూ ఎంత, ఆ బిల్లు ఏ పద్దు కింద రాశారు. కోరుట్ల అక్క మొదటి సంతకం తాను పెడతానన్నది.