కలపడం సరే, ఏది ఎవరిదో చెప్పవద్దా?



ముప్పై యేండ్లకు పైగా మార్కాపురం, కంభం, గిద్దలూరు పరిసరాలలో తెలుగు పండితుడిగా పనిచేసినవాణ్ణి. ఈ వయస్సులో సంగణకంలో నల్లని తెర తెరచి ఆజ్ఞలు టైపు చేస్తున్నానంటే నవ్వే మిత్రులున్నారు. నవ్వనీయండి. పలకల ఊరివాణ్ణి, నల్లపలక నాకు కొత్త కాదు.

ఉద్యోగంలో ఉన్ననాటి నుండి ఊరూరా తిరిగి సేద్యపు మాటలు, వంటింటి మాటలు వ్రాసుకొన్నాను. ఊరికొక దస్త్రం చొప్పున యూనికోడులోకి ఎక్కించేసరికి అవి నూటికి పైబడినవి. ఒకే వస్తువుకు ఏ ఊళ్ళో ఏ మాట ఉన్నదో పట్టిక వేయమని కృత్రిమ మేధను అడగాలనుకొన్నాను. దస్త్రాలను ఒక్కొక్కటిగా తెరచి, నకలు తీసి అతికించడం నా కన్నుల వల్ల అయ్యే పని కాదు. సెలవులకు వచ్చిన మనవడు ఒక్క వరుస ఆజ్ఞతో అన్నింటినీ కలిపి ఒకే దస్త్రం చేసి పెట్టాడు. ఆ ఆజ్ఞ పేరు క్యాట్. "పిల్లి కాదు తాతా, కాన్‌కాటినేట్‌కు కురచ పేరు" అన్నాడు. సంధి అన్నమాట. 1971 నాటి యూనిక్సు నుండీ ఉన్నదే.

ఆ సంధే కొంప ముంచింది. ఒక దస్త్రం ముగింపునకూ మరొక దస్త్రం ఆరంభానికీ నడుమ గీటైనా లేదు. ఊరి పేరును దస్త్రానికి పేరుగా పెట్టుకొన్నానే కాని, చాలావాటిలో లోపల వ్రాయలేదు. క్యాట్ లోపలి సరకును మాత్రమే కలుపుతుంది, పేర్లను వదిలేస్తుంది. ఎక్కడో ఒకచోట మార్కాపురం అని కనబడగానే తరువాతివన్నీ ఆ ఊరివేనని యంత్రం అనుకొన్నది. గిద్దలూరు దాటిన పల్లెల్లో వేరుశెనగకు నేను విన్న ‘బుడ్డలు’ మార్కాపురం ఖాతాలో పడింది. పట్టిక చూడడానికి ముచ్చటగా ఉన్నది. తప్పు ఎక్కడా కనబడదు, అదే భయం.

అంతా ప్రకాశం జిల్లాగా ఉన్నదే కదా అనేవారుంటారు. ఆ జిల్లా ఏర్పడిందే 1970 ఫిబ్రవరి 2న. అంతకు ముందు మార్కాపురం, కంభం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోవి, ఒంగోలు గుంటూరుది, కనిగిరి, పొదిలి నెల్లూరువి. జిల్లా ఒకటైనంత మాత్రాన నాలుకలు ఒకటి కావు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ పదాల సంపుటం వెలువడినప్పుడు, మాట ఏ ప్రాంతానిదో గుర్తు పెట్టడం వల్లనే అది కోశమైంది. లేకుంటే మాటల మూట.

ఈ కొరత తీర్చే పనిముట్లు ఇప్పుడున్నాయి. 2024లో సైమన్ విల్లిసన్ విడుదల చేసిన ఫైల్స్-టు-ప్రాంప్ట్ ప్రతి దస్త్రానికీ ముందు దాని పేరునూ అది ఉన్న దారినీ వ్రాసి, గీటు గీసి, ఆ తరువాత సరకు పెడుతుంది. రీపోమిక్స్ అనేది ఇంకొకటి. అది మొదట విషయసూచిక వంటి జాబితా కూడా ఇచ్చి, ఎన్ని టోకెన్లయ్యాయో లెక్క చెబుతుంది. ప్రోగ్రాములు వ్రాసేవారి కోసం చేసినవివి, కాని మనబోటివారికే ఎక్కువ అవసరమని నా అభిప్రాయం. ప్రోగ్రాములో తప్పు దొర్లితే యంత్రం ఎక్కడో ఒకచోట ఆగి మొరాయిస్తుంది. మాట తప్పు ఊరికి చేరితే ఎవరు మొరాయిస్తారు?

టోకెన్ల లెక్క మనకు మరీ ముఖ్యం. యంత్రం ఒకసారికి చూడగలిగేది ఒక పలకంత మేర. ఆ పలక మీద తెలుగుకు చోటు ఎక్కువ పడుతుంది. 2024 మేలో ఓపెన్ఏఐ వారు జీపీటీ-4ఓ ప్రకటించినప్పుడు తామే చూపిన నమూనాలో, తెలుగుకు అంతకు ముందు 159 టోకెన్లు పట్టేవి, కొత్తదానిలో 45. అదే విషయం ఇంగ్లీషులో 24. తగ్గినందుకు సంతోషమే, అయినా ఇంచుమించు రెట్టింపు. కనుక దొరికిందల్లా కుక్కి పంపేవారికి అందరికన్నా ముందు మనకే పలక నిండిపోతుంది.

ఇక అసలు బాధ. ఆ దస్త్రాల నడుమ, మాటలు చెప్పినవారి పేర్లు, వయస్సులు వ్రాసుకొన్నవి కూడా కొన్ని ఉన్నాయి. ఒక పల్లెలో ఒక ముసలమ్మ అప్పులాయనను పేరు పెట్టి తిట్టిన తిట్లు నాకు మాటల పంట. చివర "నా పేరు యాడా చెప్పొద్దు అయ్యోరా" అన్నది. చెప్పనన్నాను. మొదటిసారి క్యాట్‌తో కలిపిన మూటలో ఆమె పేరూ, ఆయన పేరూ రెండూ వెళ్ళిపోయాయి. ఏ దేశంలో ఏ యంత్రంలో ఉన్నాయో! పంపిన తరువాత గుర్తుకు వచ్చింది. మనవణ్ణి అనడానికి లేదు, సంచి నాది.

రీపోమిక్స్ రహస్యపు తాళపు మాటలవంటివి దొర్లాయేమోనని తనంతట తానే పరీక్షిస్తుంది. మంచిదే. ఒక ముసలమ్మ పేరు రహస్యమని దానికెట్లా తెలుస్తుంది? ఫైల్స్-టు-ప్రాంప్ట్ పేరు ముందు చుక్క ఉన్న దస్త్రాలను తాకదు. వదలవలసినవి ఇవి అని చెబితే వదలుతుంది. చెప్పవలసింది మనమే. సదుపాయం బాగున్నదని సంచి మొత్తం చూపించి ఆజ్ఞ ఇచ్చే అలవాటును నేను సమర్థించలేను, అది ఎంత వేగంగా పని ముగించినా సరే.

ఇప్పుడు మనుషుల పేర్లున్న దస్త్రాలు పెన్‌డ్రైవులోకి మార్చి బీరువాలో పెట్టాను. మిగిలినవాటిలో ఒక్కొక్కటీ తెరచి, మొదటి పంక్తిలో ఊరి పేరు, విన్న సంవత్సరం వ్రాస్తున్నాను. గిద్దలూరు వైపువి అయిపోయాయి. కంభం చెరువు చుట్టుపక్కల ఊళ్ళవి ఇంకా ఇరవై మూడు ఉన్నాయి.