మా తాత డప్పు శాపం కాదు

మొన్న ఆదివారం రాత్రి పదకొండింటికి ఒక చెల్లి ఫోన్ చేసింది. హైదరాబాద్‌లో పీజీ చదువుతోంది, సొంతూరు ప్రకాశం జిల్లా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒకటే అడిగింది: “అన్నా, మా వంశానికి శాపం ఉందంట. నిజమేనా?”

సంగతి ఇది. వాళ్ల తాత తాగి తాగి పోయాడు. నాన్న నలభై నాలుగేళ్లకే లివర్ పాడై పోయాడు. ఇప్పుడు తమ్ముడు మొదలుపెట్టాడు. ఊళ్లో ఉపవాస కూడికకి వచ్చిన ఒక పాస్టరయ్య వాళ్లమ్మ చేత మూడు తరాల పేర్లు కాగితం మీద రాయించాడు. ఎవరు తాగారు, ఎవరు ఉరేసుకున్నారు, ఎవరికి పిల్లలు పుట్టలేదు, అన్నీ. రాయించి, వేలు పెట్టి చూపించాడంట: “మీ మామగారి తండ్రి పోలేరమ్మ కొలుపులో డప్పు కొట్టాడమ్మా. శాపం అక్కడ మొదలైంది.” ఇంటిల్లిపాదీ మూడు రోజులు ఉపవాసం ఉండి పితరుల పాపం ఒప్పుకోవాలి. ఇంట్లో ఉన్న పాత డప్పు తగలబెట్టాలి. ఈ పిల్ల పరీక్షలు మానుకుని రావాలి, రాకపోతే శాపం నాలుగో తరానికి ఎక్కుతుంది.

ఆ రాత్రి ఫోన్‌లో నేను చెప్పింది చాల్లేదు. ఇలా భయపడుతున్నవాళ్లు ఆమె ఒక్కతే కాదు కాబట్టి ఈ వారం దీని గురించే రాస్తున్నా.

ముందే చెప్తున్నా, ఇది విశ్వాసాన్ని ఎగతాళి చేసే పోస్టు కాదు. మా అమ్మ ప్రార్థన వింటూ పెరిగినవాణ్ణి. బైబిల్లోంచే మాట్లాడతా.

వాళ్లు చూపించేది నిర్గమకాండం 20వ అధ్యాయం. తండ్రుల దోషం మూడు నాలుగు తరాల దాకా పోతుందని అక్కడ ఉంది. లేదనను. కానీ వాళ్ల వేలు అక్కడే ఆగిపోతుంది. కింది వాక్యంలోనే దేవుని కరుణ వెయ్యి తరాల దాకా అని ఉంది. నాలుగెక్కడ, వెయ్యెక్కడ?

ఈ అనుమానం ఇశ్రాయేలు వాళ్లకీ వచ్చింది. బబులోను చెరలో ఉన్నప్పుడు, పెద్దలు పుల్లటి ద్రాక్ష తింటే మా పళ్లు పులిశాయి అనే అర్థంలో ఒక సామెత చెప్పుకుని ఏడ్చేవాళ్లు. ఆ సామెత ఇక మీ నోట రాకూడదని దేవుడు చెప్పించాడు. యెహెజ్కేలు 18వ అధ్యాయం అంతా దీని మీదే: తండ్రి దోషం కొడుకు మొయ్యడు, కొడుకు దోషం తండ్రి మొయ్యడు. యోహాను 9లో పుట్టుగుడ్డిని చూసి శిష్యులు అడిగిందీ ఇదే ప్రశ్న, పాపం వీడిదా, వీడి అమ్మానాన్నలదా అని. యేసు రెండూ కాదన్నాడు. గలతీయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయంలో, క్రీస్తు శాపాన్ని తన మీద వేసుకుని మనల్ని విడిపించాడని పౌలు రాశాడు. సగం శాపం సిలువ మీద పోయింది, మిగతా సగం కూడికకొచ్చి తీయించుకోండి అని రాయలేదు.

ఇప్పుడు మన చరిత్రలోకి వద్దాం. ఒంగోలు ప్రాంతంలో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తర్వాత 1876-78 కరువు. మిషనరీ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వే పనిలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి చూపించాడు. 1878 జూలైలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, ఎక్కువమంది మాదిగలే. తిండి కోసం వచ్చారని ఎద్దేవా చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆకలి ఉంది, నిజమే. ఆకలి ఒక్కటే అయితే కరువు పోగానే వాళ్లూ పోయేవాళ్లు. పోలేదు. పోయిన జన్మలో పాపం చేశావు కాబట్టి ఈ జన్మలో ఇలా పుట్టావు అని తరతరాలుగా చెప్పించుకున్న మనిషికి, నీ పుట్టుక శిక్ష కాదు అనే మాట ఎంత పెద్దదో పల్లెలో పుట్టినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఆ కర్మ సిద్ధాంతమే ఇవాళ తెల్లబట్టలు కట్టుకుని మన చర్చిలోకి వచ్చింది. పోయిన జన్మ అనే చోట వంశం అని పెట్టారు. మిగతాదంతా అదే. దెబ్బ తిన్నవాడే దోషి.

ఇంటింటా ఒకే బాధ కనపడితే కారణం వంశంలోనే ఉండాలా? పొదిలి, దర్శి, కనిగిరి వైపు ఊళ్లు చూడండి. తాతకి నడుం వంగింది, తండ్రికి నడుం వంగింది, మనవడి పళ్లకి గార. శాపం అనుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? కానీ అది బావి నీళ్లలో ఉన్న ఫ్లోరైడ్ అని 1937లోనే డాక్టర్లు రాశారు. ఆ నీళ్లే తాగినన్నాళ్లు ఏ ఉపవాసం ఆ నడుం వంగకుండా ఆపుతుంది?

ఇక తాగుడు. మా ఇంటి సంగతే చెప్తా. 1991లో మా అమ్మ ఇలాగే ఒక అయ్యగారి మాట విని తాత డప్పు తీసుకెళ్లి చర్చి ముందు మంటలో వేసింది. తాత ఆ రోజు అన్నం తినలేదు. నాన్న తాగుడు మాత్రం ఒక్క పూట కూడా ఆగలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా బంద్ అయింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. మా నాన్న తాగుడు ఆగింది అప్పుడు. ఆ రెండు మూడేళ్లలోనే మా ఇంటికి రేకులు పడ్డాయి, సైకిలొచ్చింది. 1997లో నిషేధం సడలించారు. నాన్న మళ్లీ మొదలుపెట్టాడు. వంశ శాపమే అయితే కొట్టు మూస్తే పోయి, కొట్టు తెరిస్తే ఎందుకొచ్చింది? ప్రభుత్వమే సారా ప్యాకెట్లు చేసి పల్లెల్లోకి పంపి ఖజానా నింపుకున్న రోజులవి. ఆ లెక్క వంశావళి కాగితంలో ఎక్కడ రాస్తారు?

తరాల నుంచి మనకి వచ్చినవి లేవా అంటే ఉన్నాయి. అప్పు వచ్చింది. సెంటు భూమి లేకపోవడం వచ్చింది. తండ్రి కొట్టడం చూసి పెరిగిన కొడుకు చేతికి కొట్టడం అలవాటుగా వచ్చింది. వీటిని దాచిపెట్టొద్దు. కానీ ఇవి మనిషి తెంచగలిగినవి.

మరి నెహెమ్యా పితరుల పాపాలు ఒప్పుకోలేదా అని అడుగుతారు. ఒప్పుకున్నారు, 9వ అధ్యాయంలో. దానికి ముందు 5వ అధ్యాయం ఉంది కదా, అది కూడా చదవండి. కరువులో పొలాలు తాకట్టు పెట్టి, బిడ్డల్ని బానిసలుగా అప్పగించిన బీదలు నెహెమ్యా దగ్గరికొచ్చి మొరపెట్టుకున్నారు. ఆయన వాళ్లని ఉపవాసం కూర్చోబెట్టలేదు. పెద్దల్ని పిలిచి పొలాలు, ద్రాక్షతోటలు, తీసుకున్న వడ్డీ తిరిగి ఇప్పించాడు. పితరుల పాపం లెక్క తియ్యాలంటే అక్కడ మొదలుపెట్టాలి. చాలా ఊళ్లలో డప్పు కొట్టడం మనకి వెట్టి. కొట్టనంటే కొట్టేవాళ్లు. కొట్టినవాడి మనవరాలు ఉపవాసం ఉండాలంటున్నారు, కొట్టించినవాడి మనవడు ఆ పొలం మీదే పండించుకుంటున్నాడు. చర్చిలో రెడ్డి క్రైస్తవులున్నారు, కమ్మ క్రైస్తవులున్నారు. ముత్తాత చేయించుకున్న వెట్టికి శాపం తగిలిందని వాళ్ల చేత ఎవరైనా కాగితం రాయించారా?

డప్పులో పాపం లేదు. చావుకీ పండగకీ దండోరాకీ ఊరంతటినీ కదిలించిన చేతిపని అది. ఎర్ర సముద్రం దాటాక మిర్యాము చేతిలో ఉన్నది కూడా అలాంటి వాయిద్యమే. మా తాతది కాలిపోయింది, నేను ఆపలేకపోయా. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

చెల్లీ, పరీక్షలు రాయి. అమ్మతో కొట్లాడకు, ఇద్దరు మగాళ్లని తాగుడికి పోగొట్టుకుని మూడోవాణ్ణి కాపాడుకోవాలని చూస్తోంది ఆమె. పక్కన కూర్చుని యెహెజ్కేలు 18 నువ్వే చదివి వినిపించు. తమ్ముణ్ణి డీ అడిక్షన్ సెంటర్‌కి తీసుకెళ్లండి, నేనూ వస్తా. దారి పొడవునా అమ్మ ప్రార్థన చేసుకోనీ. డప్పు మాత్రం ఎవరికీ ఇవ్వకు. అటక మీద ఉంటే దించి దుమ్ము తుడువు.

జై భీమ్.