వెనుక గోడ మీద కొండ

కిందటి సంచికలో మంచినీటి చేపల తొట్టె గురించి రాశాక, ఉప్పునీటి తొట్టె మాట ఎప్పుడు చెబుతారని ముగ్గురు నలుగురు అడిగారు. సముద్రానికి ఇంత ఎత్తున, లమ్తపుట్‌లో కూర్చుని సముద్రపు తొట్టె ఏమిటని మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. ఆ నవ్వుకి కారణం లేకపోలేదు. మేము కట్టిన మొదటి రాతిగోడ ఒక ఆదివారం పొద్దున్న కూలిపోయింది. అందుకే ఈసారి తొట్టె సంగతంతా కాక, ఆ వెనుక గోడ సంగతి ఒక్కటే చెబుతాను.

పగడపు దిబ్బను తలపించే తొట్టెలో రాయి ఉత్త అలంకారం కాదు. చేపల మలమూత్రాల నుంచి వచ్చే అమ్మోనియాను ముందు నైట్రైటుగా, ఆపైన నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు రాతి సందుల్లోనే కాపురముంటాయి. జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన, సముద్రపు రాళ్ళను జీవంతోనే తొట్టెలో పెట్టి నీటిని శుభ్రంగా ఉంచవచ్చని 1961లో రాశాడు. రాళ్ళను అడుగున కుప్ప పోస్తే కిందంతా మడ్డి పేరుకుంటుంది. అదే వెనుక అద్దం వైపు కొండచరియలా నిలబెడితే అడుగు ఖాళీగా ఉంటుంది, చేపలకు ప్రతి ఎత్తులోనూ గూడు దొరుకుతుంది. చూడడానికీ బాగుంటుంది, ఒప్పుకుంటాను.

ఏ రాయి? మా మేనల్లుడు విశాఖపట్నం నుంచి పగడపు రాయి తెస్తానన్నాడు. వద్దన్నాను. రాతి పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఎంత రక్షణో వాటికీ అంతే. చచ్చిన పగడమైనా సరే, ఇంట్లో పెట్టుకోవలసిన వస్తువు కాదు. "పోనీ, గుప్తేశ్వర్ గుహ దగ్గర సున్నపురాయి ఉంది కదా మావయ్యా" అన్నాడు. శివుడి ఇంటి గోడ ఊడదీసి మన ఇంట్లో గోడ కడతావా అని మా ఆవిడ అందుకుంది. మా కొండల్లో దొరికే ఎర్రరాళ్ళలో ఇనుము ఎక్కువ. ఉప్పునీళ్ళలో అవి ఏం వదులుతాయో నమ్మలేం.

చివరికి వాగులో దొరికే నల్లరాళ్ళు ఏరి, కడిగి, సిలికోన్ జిగురుతో నేరుగా వెనుక అద్దానికి అంటించాము. నాలుగు నెలలు చెక్కుచెదరలేదు. ఆ ఆదివారం నీళ్ళు మార్చుదామని సగం తోడేశాము. అద్దం తుడుస్తున్న పిల్లాడు గుడ్డ పిండుకోవడానికి చెయ్యి బయటికి తీశాడు. అంతలోనే పై వరుస మొత్తం జారి పడింది. "మావయ్యా, రాళ్ళు పడిపోనాయి!" అని వాడి కేక. ఒక క్లౌన్ చేప రాళ్ళ కింద నలిగిపోయింది. వాడి చెయ్యి అరనిమిషం ముందు అక్కడే ఉందన్న సంగతి మేము ఆ వేళ వాళ్ళ అమ్మకు చెప్పలేదు. ఇప్పుడు ఇందులో చదువుతుంది కాబోలు.

కారణం తెలుసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. పది కిలోల నల్లరాయి ఉప్పునీళ్ళలో మునిగి ఉంటే సుమారు ఆరు కిలోలే తూగుతుంది. నీళ్ళు తీసేయగానే మళ్ళీ పది కిలోలూ జిగురు మీద పడతాయి. సిలికోన్ అద్దాన్ని పట్టుకున్నంత గట్టిగా గరుకు రాతిని పట్టుకోదు, రాతి మీద దుమ్ము పొర మిగిలితే అసలే పట్టుకోదు. పైగా నల్లరాయిలో సందులుండవు కనుక సూక్ష్మజీవులకూ అది పెద్దగా పనికిరాదు. అంత శ్రమా పడి కట్టింది బరువునే!

పొలం గట్లకు రాళ్ళు పేర్చే మేస్త్రీ ఒకాయన ఆ అద్దం చూసి, "రాయి తన కాలి మీద తను నిలబడాలి బాబూ, వేలాడకూడదు" అన్నాడు. రెండోసారి ఆ ప్రకారమే చేశాము. రాళ్ళు మేమే పోసుకున్నాం. సిమెంటు ఒక పాలు, కోళ్ళ దాణాలో కలిపే ఆల్చిప్పల నూక రెండు పాళ్ళు, రాళ్ళ ఉప్పు రెండు పాళ్ళు. తడి ఇసుకలో గుంటలు చేసి ఈ ముద్ద పోస్తే గట్టిపడుతుంది. తరువాత నీళ్ళలో వేస్తే ఉప్పు కరిగి సందులు మిగులుతాయి. కాని సిమెంటు నుంచి సున్నం ఊరుతూనే ఉంటుంది. ఎనిమిది వారాల పాటు మంచినీళ్ళు మారుస్తూ నానబెట్టాము, పి.హెచ్. 8.4కి దిగేదాకా తొట్టెలో పెట్టలేదు. ఈ ఒక్క పనిలో తొందర పనికిరాదు.

ట్యూబులైట్ల కింద బిగించే ప్లాస్టిక్ జాలీని వెనుక అద్దం కొలతకు కోసి, తొట్టె అడుగున ప్లాస్టిక్ పట్టీ మీద నిలబెట్టాము. అడుగు వరుస రాళ్ళు పెద్దవి, కాస్త ముందుకు. పై వరుసలు వెనక్కి వాలి, ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. రాళ్ళకు బెజ్జాలు చేసి అక్రిలిక్ కడ్డీలు గుచ్చాము. సిలికోన్ గోడ ముందుకు వాలకుండా ఆపడానికే, బరువు మోయడానికి కాదు. బూజు పట్టకుండా మందు కలిపిన రకం తేవద్దు, చేపలకు విషం. వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా ఒక వారం ఆగండి. పొంగే ఫోముతో సందులు నింపుదామని మొదట అనుకున్నాను. లీటరు ఫోము నీళ్ళలో సుమారు కిలో బరువును పైకి లేపుతుందని లెక్క వేసి మానేశాను. కింద పడే గోడ చాలు, పైకి తేలే గోడ కూడా ఎందుకు?

జాలీకి, అద్దానికి మధ్య రెండంగుళాలు వదిలి, ఒక మూల నుంచి చిన్న పంపుతో ఆ సందులోకి నీళ్ళు తోస్తున్నాము. లేకపోతే చెత్తంతా అక్కడ చేరి కుళ్ళుతుంది. గాలివానకు కరెంటు పోతే పంపూ ఆగుతుంది కనుక బ్యాటరీతో నడిచే గాలిపంపు పక్కనే ఉంచాము. ఎప్పుడైనా అద్దం కారితే జాలీతో సహా గోడ మొత్తం పైకి తీయవచ్చు, అద్దానికి అంటించింది ఏమీ లేదు.

హేచరీలో పుట్టిన క్లౌన్ చేప ఇంకొకటి తెచ్చాము. రెండూ పై వరుసలో ఎడమ పక్క గూట్లో చేరాయి. ఇప్పుడు నీళ్ళు ఒక్కసారికి పావు వంతుకు మించి తీయడం లేదు, తీస్తున్నంతసేపూ ఎవరి చెయ్యీ లోపల ఉండకూడదని మా ఇంట్లో చట్టం. ఉప్పు కలిపే పాళ్ళు వచ్చే సంచికలో రాస్తాను.