పెద్దకర్మ లోపే ఆ కాగితం

ఇంట్లో మనిషి పోతే మంగళగిరిలో పాడె కట్టడం మొదలు పెద్దకర్మ భోజనాల దాకా ఎవరి పని ఏదో ఒకరు చెప్పక్కర్లేదు. బంధువులు, వీధివాళ్లు తలా ఒకటి అందుకుంటారు. మరణ ధ్రువీకరణ పత్రం పని మాత్రం ఎవరికీ అప్పజెప్పం. అందరూ ఊళ్లకు వెళ్లాక అది భర్త పోయిన మనిషి మీద పడుతుంది. ఆ పనిని కూడా పెద్దకర్మ లోపే ఒకరి చేతిలో పెట్టాలి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 21 రోజుల్లో తెలియజేస్తే రుసుము అడగదు. నెల లోపైతే ఆలస్య రుసుము, ఆ తర్వాత పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు. ఇక నమోదు మరణం జరిగిన చోటే. ఇంట్లో పోతే మంగళగిరి–తాడేపల్లి నగరపాలక సంస్థకు మనమే చెప్పాలి. ఆసుపత్రిలో పోతే చెప్పాల్సిన బాధ్యత ఆసుపత్రిదే, కానీ విజయవాడలో పోయిన మనిషి మరణం మంగళగిరిలో నమోదు కాదు. ఆసుపత్రి రాసుకున్న పేరూ ఇంటిపేరూ ఆధార్‌తో కలిశాయో లేదో అక్కడ ఉండగానే చూసుకోవాలి. అక్షరం తేడా వస్తే బ్యాంకు దగ్గర ఆగిపోతుంది.

శవం లేచిన ఇంట్లో కాగితాల మాటలేమిటని పెద్దలు కోప్పడవచ్చు. ఆ మర్యాద నిజమైనదే. అందుకే గుమ్మం దాటలేని ఇల్లాలిని కాక అల్లుడినో మేనల్లుడినో తిరగమంటున్నాను. ఏటీఎం కార్డు ఉందిగా అనేవాళ్లూ ఉన్నారు. పోయిన మనిషి ఖాతాలోంచి అలా తీయడం చట్టం ఒప్పదు, వారసుల మధ్య తగాదాకూ అదే మొదలు. నామినీ ఉంటే కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో బ్యాంకు సొమ్ము ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. అయితే నామినీ ఆ డబ్బు అందుకునే మనిషే. మిగతా వారసుల వాటా ఎక్కడికీ పోదు.

ఆస్తి లేనివాళ్లకు ఇదంతా ఎందుకన్న మాటను మాత్రం నేను అసలు ఒప్పుకోను. మగ్గం మీద బతికిన ఇంటికే ఈ పత్రం ఎక్కువ అవసరం. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాకు ఏటా మే నెలాఖరులో ఖాతాలోంచి 436 రూపాయలు కోసుకుంటారు. ఎప్పుడో బ్యాంకులో సంతకం పెట్టిన సంగతి ఇంట్లోవాళ్లకు తెలియకపోవచ్చు. మరణం ఎలా సంభవించినా ఆ బీమా కింద 2 లక్షలు వస్తాయి, అడిగితేనే. కాబట్టి ఆ పని చూసే కుర్రాడు ముందు పాస్‌బుక్ అచ్చు వేయించి మే నెల వరుసలు చూడాలి.