బద్ధకం కాదేమో... నిద్రను అడగండి!

ఇంట్లో నాన్నకో, అమ్మకో షుగర్. డాక్టర్ రోజూ నడవమన్నారు. వాళ్లేమో ‘ఓపిక లేదురా’ అంటూ కుర్చీలోనే కునుకు తీస్తుంటారు. మనకది బద్ధకంలా కనిపిస్తుంది. కానీ, రాత్రిపూట వాళ్ల గురక ఎప్పుడైనా విన్నారా?

గురక ఠక్కున ఆగి, కాసేపటికి ఉక్కిరిబిక్కిరై మళ్లీ మొదలవుతుంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు. నిద్రలో గొంతు కండరాలు వదులై శ్వాసదారి మూసుకుపోతుంది. 10 సెకన్లు, అంతకంటే ఎక్కువసేపు ఊపిరి ఆగడమో, బాగా తగ్గడమో జరుగుతుంది. గంటకు 30 సార్లు, ఆపైన ఇలా అయితే సమస్య తీవ్రమైనట్టే. ఆక్సిజన్ తగ్గినప్పుడల్లా మెదడు ఉలిక్కిపడుతుంది. ఒత్తిడి హార్మోన్లు పెరిగి, ఇన్సులిన్ సరిగా పనిచేయదు. 8 గంటలు పడుకున్నా తెల్లారేసరికి ఒళ్లు హూనం. ఇక నడకెక్కడ? నడక తగ్గితే బరువు, షుగర్ పెరుగుతాయి. బరువు పెరిగితే ఆప్నియా ముదురుతుంది.

ఈ గొలుసు తెంచడం మీ ఫోన్‌తోనే మొదలుపెట్టొచ్చు. గురక రికార్డు చేసి డాక్టర్‌కు వినిపించండి. స్లీప్ స్టడీలో తేలితే సీప్యాప్ మిషన్ లాంటి చికిత్స ఉంది. వారానికి 150 నిమిషాల నడక లక్ష్యం ఒక్కసారే వద్దు. భోజనం తర్వాత 10 నిమిషాలు చాలు. ‘నడవండి’ అని పోరే బదులు, మీరూ పక్కన నడవండి.