బూట్లకు నిప్పు, హక్కులకు వెల

2018 సెప్టెంబరు 3న అమెరికాలో ఒక వాణిజ్య ప్రకటన వెలువడింది. నలుపు తెలుపుల్లో ఒక యువకుని ముఖం. దేనినైనా విశ్వసించమనీ, అందుకు సర్వస్వం త్యాగం చేయవలసి వచ్చినా వెనుదీయవద్దనీ చెప్పే రెండు చిన్న వాక్యాలు. కింద నైకీ కంపెనీ గుర్తు. ఆ ముఖం కోలిన్ కేపర్నిక్ అనే ఫుట్‌బాల్ క్రీడాకారునిది. ఆ వెంటనే కొందరు తమ ఇళ్లలోని నైకీ బూట్లకు నిప్పంటించారు. మేజోళ్లపై ఉన్న కంపెనీ గుర్తును కత్తెరతో కత్తిరించి పారవేశారు. ఆ దృశ్యాలను వీడియోలు తీసి లోకానికి చూపించారు. మరికొందరు పనిగట్టుకొని అదే కంపెనీ బూట్లు కొన్నారు. కాల్చినవారు దేశభక్తిని చాటామనుకున్నారు. కొన్నవారు న్యాయానికి అండగా నిలిచామనుకున్నారు. ఈ ఉదంతాన్ని ఒక అల్పసంఖ్యాక వర్గంగా మన దృష్టితో పరిశీలిస్తే, ఇరువురి లెక్కా తప్పిందని మేము భావిస్తున్నాం.

కేపర్నిక్ చేసిన నేరమేమిటి? ఆయన శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ జట్టులో క్వార్టర్‌బ్యాక్. 2016 ఆగస్టులో మ్యాచ్‌కు ముందు జాతీయ గీతం వినిపిస్తున్నప్పుడు లేచి నిలబడలేదు. నల్లజాతి ప్రజలను అణగదొక్కుతున్న దేశపు పతాకం పట్ల గర్వం ప్రకటించలేనన్నారు. పోలీసుల చేతుల్లో నల్లవారు మరణిస్తుంటే బాధ్యులకు శిక్ష పడడం లేదని గుర్తు చేశారు. సైనికులను అవమానించాడన్న నింద వచ్చినప్పుడు ఒక మాజీ సైనికునితోనే మాట్లాడి, ఆయన సలహాపై కూర్చోవడం మాని మోకాలిపై వంగడం ప్రారంభించారు. ఇంతకన్నా మర్యాదగల నిరసన ఏముంటుంది? అయినప్పటికీ 2017 జనవరి 1 తరువాత ఆయన ఆ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 32 జట్లలో ఒక్కటీ ఆయనను తీసుకోలేదు. ఆ ఏడాది సెప్టెంబరులో అలబామా సభలో అధ్యక్షుడు ట్రంప్, ఇటువంటి ఆటగాళ్లను తీసిపారేయాలని జట్ల యజమానులకు పిలుపునిచ్చారు. యజమానులు కుమ్మక్కయ్యారని కేపర్నిక్ చేసిన ఫిర్యాదు 2019 ఫిబ్రవరిలో రాజీతో ముగిసింది. ఆ రాజీ షరతులు బయటికి రాలేదు. ఆయన మాత్రం మైదానానికి తిరిగి రాలేదు.

ఇక కంపెనీ సంగతి చూద్దాం. ప్రకటన వెలువడిన మరునాడు నైకీ షేరు సుమారు 3 శాతం పడిపోయింది. మిస్సోరీలోని ఒక క్రైస్తవ కళాశాల తమ క్రీడాకారుల దుస్తులపై నైకీ గుర్తు ఉండరాదని నిర్ణయించింది. లూసియానాలోని ఒక పట్టణ మేయర్ నైకీ సరుకుల కొనుగోలును నిషేధించి, విమర్శలు రాగానే వెనక్కి తగ్గాడు. ఆ ప్రకటన వచ్చిన వారాంతంలో నైకీ ఆన్‌లైన్ అమ్మకాలు 31 శాతం పెరిగాయని ఎడిసన్ ట్రెండ్స్ అనే సంస్థ లెక్కగట్టింది. అంతకు ముందు ఏడాది అదే వారాంతంలో పెరుగుదల 17 శాతమే. సెప్టెంబరు నెల సగం గడిచేసరికి నైకీ షేరు అంతవరకు ఎన్నడూ లేనంత ఎత్తుకు చేరింది. ఆ ప్రచారపు వీడియోకు మరుసటి ఏడాది ఎమ్మీ అవార్డు లభించింది. సర్వస్వం త్యాగం చేయమన్న వాక్యం రాయించింది కంపెనీ. త్యాగం చేసింది ఆటగాడు. లాభం ఎవరి ఖాతాలో పడిందో పాఠకులకు వేరుగా చెప్పనవసరం లేదు.

మరొక విషయాన్ని కూడా ఇక్కడ గమనించాలి. కేపర్నిక్‌కు తలుపులు మూసిన అదే లీగ్‌లోని జట్లన్నింటికీ దుస్తులు సరఫరా చేసేది నైకీయే. 2018 మార్చిలో, అంటే ఈ ప్రకటనకు ఆరు నెలల ముందు, ఆ ఒప్పందాన్ని 2028 వరకు పొడిగించుకుంది. వెలివేసినవారితో ఒక ఒప్పందం, వెలివేయబడినవానితో మరొక ఒప్పందం. ఈ వ్యాపారాన్ని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. వ్యాపారి వ్యాపారమే చేస్తాడు. అతనిని న్యాయమూర్తి పీఠంపై కూర్చోబెట్టుకోవడమే మన పొరపాటు.

మిత్రులు కొందరు మమ్మల్ని ఇలా అడుగుతారు: అంత పెద్ద కంపెనీ బహిరంగంగా ఒక నిరసనకారుని పక్షాన నిలవడం చిన్న విషయమా? ఆ ప్రకటన వల్ల ఆయన మాట కోట్లాది మందికి చేరలేదా? చేరింది. ఆ మేరకు దానిని మేము తోసిపుచ్చడం లేదు. కాని ఆ అండ ఎప్పుడు దొరికింది, ఎవరికి దొరకలేదు అన్నది చూడాలి. కేపర్నిక్‌కు ఇరవై ఏళ్ల ముందే అదే పని చేసిన ఒక ముస్లిం క్రీడాకారుడు ఉన్నాడు. ఆయన పేరు మహ్మూద్ అబ్దుల్ రవూఫ్. మిసిసిపీలో క్రిస్ జాక్సన్‌గా పుట్టి, 1991లో ఇస్లాం స్వీకరించాడు. 1995-96 సీజన్‌లో డెన్వర్ నగ్గెట్స్ బాస్కెట్‌బాల్ జట్టులో మ్యాచ్‌కు సగటున అందరికన్నా ఎక్కువ పాయింట్లు సాధించినవాడు ఆయనే. జాతీయ గీతానికి నిలబడడం తన విశ్వాసానికి సరిపడదనీ, ఆ పతాకం అణచివేతకు కూడా చిహ్నమేననీ అన్నందుకు 1996 మార్చిలో లీగ్ ఆయనను సస్పెండ్ చేసింది. నిలబడి, తలవంచి, ప్రార్థన చేసుకుంటానన్న రాజీపై తిరిగి ఆడనిచ్చారు. కొద్ది నెలలకే డెన్వర్ జట్టు ఆయనను వదిలించుకుంది. కొన్ని సంవత్సరాల్లో ఆయన ఆట జీవితమే ముగిసిపోయింది. ఆయన ముఖంతో ఏ కంపెనీ త్యాగం గురించిన ప్రకటన వేయలేదు.

అదే 1996 జూలైలో అట్లాంటా ఒలింపిక్ జ్యోతిని వణుకుతున్న చేతులతో ముహమ్మద్ అలీ వెలిగించినప్పుడు అమెరికా కన్నీరు పెట్టుకుంది. ఆ అలీనే 1967లో వియత్నాం యుద్ధానికి సైన్యంలో చేరనన్నందుకు టైటిల్ పోగొట్టుకుని, మూడేళ్లకు పైగా బరికి దూరమయ్యాడు. 1971లో ఆయన శిక్షను రద్దు చేసింది సుప్రీంకోర్టు, ఏ కంపెనీయో కాదు. 2004లో అడిడాస్ తన ప్రచారానికి ఆయన బొమ్మను వాడుకునే నాటికి అలీ వల్ల ఎవరికీ భయం లేదు, అందరికీ అభిమానమే. వివాదం చల్లారిన తరువాతనో, వివాదమే అమ్ముడుపోయే సరుకైన తరువాతనో కంపెనీలు అండగా వస్తాయి. మార్చిలో రవూఫ్‌ను శిక్షించి, జూలైలో అలీని కీర్తించిన సమాజాన్ని చూసి అవి నేర్చుకున్న పాఠం అదే.

అండగా నిలిచే కంపెనీలు కూడా ఎంతదూరం నిలుస్తాయి? 2019 ఫిబ్రవరిలో ఫ్రాన్సులో డెకథ్లాన్ అనే క్రీడా వస్తువుల కంపెనీ, పరుగెత్తే మహిళల కోసం ఒక హిజాబ్‌ను అమ్మబోతున్నట్లు ప్రకటించింది. మొరాకోలో అప్పటికే అమ్ముతున్న సరుకే అది. ఫ్రాన్సులో రాజకీయ నాయకులు విరుచుకుపడ్డారు, బహిష్కరిస్తామన్నారు, దుకాణాల ఉద్యోగులకు బెదిరింపులు వచ్చాయి. కంపెనీ ఆ ఆలోచననే విరమించుకుంది. క్రీడాకారిణుల కోసం హిజాబ్ తయారు చేసి ప్రశంసలందుకున్న నైకీ మాత్రం ఏం చేసింది? షిన్‌జియాంగ్‌లో ఉయ్‌గూర్ ముస్లింలతో నిర్బంధ శ్రమ చేయిస్తున్నారన్న వార్తలపై ఆందోళన ప్రకటించి, అక్కడి నుండి సరుకు తీసుకోవడం లేదని చెప్పింది. 2021 మార్చిలో ఆ మాటపై చైనాలో బహిష్కరణ ఉద్యమం లేచింది, అక్కడి సినీ తారలు ఒప్పందాలు తెంచుకున్నారు. మూడు నెలలు తిరగకముందే ఆ కంపెనీ అధిపతి తమది చైనాకు చెందిన, చైనా కోసం నిలిచే బ్రాండని మదుపరుల ముందు ప్రకటించాడు. అమెరికాలో బూట్లు కాల్చినవారికి జంకని కంపెనీ చైనా సంతను పోగొట్టుకునే ధైర్యం చేయలేదు. కేపర్నిక్ వెనుక కొనుగోలు చేసే యువతరం ఉన్నది. ఉయ్‌గూర్ల వెనుక ఎవరున్నారు?

ఇంతకూ బూట్లు కాల్చినవారు తప్పు చేశారా? వారి అభిప్రాయంతో మేము ఏకీభవించం. కాని వారు కాల్చినవి తమ సొంత బూట్లు. ఒక కంపెనీ నడత నచ్చనప్పుడు దాని సరుకు కొనకపోవడం ప్రతి వినియోగదారుని హక్కు. ఆ హక్కును మనమూ వాడుకుంటున్నాం. ఇజ్రాయెల్ ఫుట్‌బాల్ సంఘానికి 2018 నుండి స్పాన్సర్‌గా ఉన్న ప్యూమా కంపెనీ సరుకును వదలాలని లోకమంతటా ముస్లింలూ, ముస్లిమేతరులూ పిలుపునిచ్చారు. 2024లో ఆ ఒప్పందాన్ని ముగిస్తామని ప్యూమా 2023 డిసెంబరులో తెలిపింది, బహిష్కరణతో దీనికి సంబంధం లేదన్నది. కారణమేదైనా, అడిగే హక్కు మనకు ఉన్నప్పుడు అదే హక్కు మనకు నచ్చనివారికీ ఉంటుంది. ఇచ్చేటప్పుడు ఒక తూకం, పుచ్చుకునేటప్పుడు మరొక తూకం ఇస్లాం అనుమతించదు.

అయితే కంపెనీ చేసిన పనిని బట్టి చేసే బహిష్కరణ వేరు, మనిషి పుట్టుకను బట్టి చేసే బహిష్కరణ వేరు. మన దేశంలో జరుగుతున్నది చాలావరకు రెండవది. కేపర్నిక్‌ను వ్యతిరేకించినవారు కనీసం ఆయన చేసిన పనిని వ్యతిరేకించారు. 2021 అక్టోబరు 24న దుబాయిలో పాకిస్తాన్‌పై మ్యాచ్ ఓడినప్పుడు మహమ్మద్ షమీ ఏ నిరసన చేశాడు? జాతీయ గీతానికి నిలబడినవాడే, దేశం కోసం బంతి వేసినవాడే. ఓటమి జట్టంతటిదైనా దేశద్రోహి అన్న దూషణ మతం పేరుతో ఆయనకు చుట్టుకుంది. కెప్టెన్ విరాట్ కోహ్లి బహిరంగంగా ఆయన పక్షాన మాట్లాడడం ఆనాటి ఏకైక ఊరట. 2014 జూలైలో తెలంగాణ ప్రభుత్వం సానియా మీర్జాను రాష్ట్ర బ్రాండ్ అంబాసిడర్‌గా నియమించినప్పుడు బీజేపీ శాసనసభా పక్ష నాయకుడు ఆమెను పాకిస్తాన్ కోడలని అన్నారు. హైదరాబాదులో రాకెట్ పట్టి పెరిగి, అప్పటికే రెండు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు సాధించిన ఆడబిడ్డకు దక్కిన బిరుదది. రెండు నెలలు తిరగకముందే ఆమె అమెరికన్ ఓపెన్‌లో మూడవది గెలిచింది.

కంపెనీల సంగతి ఇక్కడ ఇంకా తేలిక. 2015 నవంబరులో దేశంలోని వాతావరణంపై తన ఇంట్లో కలిగిన ఆందోళనను ఆమిర్ ఖాన్ బయటపెట్టగానే, ఆయన ప్రచారకర్తగా ఉన్న స్నాప్‌డీల్ యాప్‌పై వేలమంది దాడి చేశారు. ఆ మాటలతో తమకు సంబంధం లేదని కంపెనీ చేతులు దులుపుకుంది. మరుసటి ఏడాది ఒప్పందం పొడిగించలేదు. ఆమిర్ ఖాన్‌కు నష్టం లేదు, ఆయన గొప్ప నటుడు, ఆస్తిపరుడు. కాని ఆ విజయంతో రుచి మరిగిన చేతులు తరువాత ఎవరిపై పడ్డాయి? 2022లో కర్ణాటక తీర ప్రాంతపు జాతరల్లో ముస్లిం చిరువ్యాపారుల దుకాణాలను నిషేధించాలన్న బ్యానర్లు వెలిశాయి. గాజులమ్మేవానికీ, పండ్లమ్మేవానికీ ఏ నైకీ అండగా వస్తుంది? అతని ముఖంతో ఎవరు ప్రకటన వేస్తారు?

అందువల్ల మన ఆశ్రయం సంత కాదు, చట్టం. 1985లో కేరళలో యెహోవా సాక్షులనే అతి చిన్న క్రైస్తవ వర్గానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయ గీతాన్ని పాడలేదని బడి నుండి బహిష్కరించారు. వారు గౌరవంగా నిలబడేవారు, పాడడం మాత్రం తమ విశ్వాసానికి విరుద్ధమనేవారు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ బహిష్కరణను కొట్టివేసింది. ఆ తీర్పు వెలువరించినవారు తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. ఆ పిల్లల వెనుక ఓటుబ్యాంకు లేదు, కొనుగోలు శక్తి లేదు, ప్రకటనలు లేవు. ఉన్నది రాజ్యాంగం. అది చాలింది. కేపర్నిక్‌కు అమెరికా రాజ్యాంగం ఆ రక్షణ ఇవ్వలేకపోయింది, ఎందుకంటే అది ప్రభుత్వపు చేతులను కట్టివేస్తుందే తప్ప ప్రైవేటు యజమానుల చేతులను కాదు. ఆ ఖాళీలోకే కంపెనీ ప్రవేశించింది.

మన దేశంలో ఆ ఖాళీని పూడ్చే దారి ఉంది. షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ సాంఘిక, ఆర్థిక బహిష్కరణను శిక్షార్హమైన నేరంగా చేర్చింది. మహారాష్ట్ర 2016లో సాంఘిక బహిష్కరణకు వ్యతిరేకంగా ప్రత్యేక చట్టమే చేసింది. మతాన్ని బట్టి ఒక వర్గపు దుకాణాన్ని, ఆటోను, కూలిని బహిష్కరించమని పిలుపునివ్వడాన్ని నేరంగా నిర్వచించే చట్టం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభలు చేయాలని మేము కోరుతున్నాం. మైనారిటీల ఓట్లడిగే పార్టీలు ఇఫ్తార్ విందులకు బదులు ఈ ముసాయిదాను మన ముందుంచాలి.

చివరగా మనల్ని మనం ప్రశ్నించుకోవాలి. 2005లో పద్దెనిమిదేళ్ల సానియా మైదానంలో ధరించే దుస్తులపై తీర్పులు చెప్పినవారు మనలోనూ ఉన్నారు. ఆమెను ఒకవైపు నుండి పాకిస్తాన్ కోడలన్నవారు, మరొకవైపు నుండి ఆమె దుస్తులు కొలిచినవారు ఇద్దరూ ఒకే పని చేశారు: ఆమె ఆటను చూడక, ఆమెను తమ జెండాగా చూశారు. క్రీడాకారుని మనస్సాక్షికి స్వేచ్ఛ కావాలని అడిగే మనం, ఆ స్వేచ్ఛను మన ఇంటి పిల్లలకు ముందుగా ఇవ్వాలి.

బూట్లు కొనదలచినవారు కొనండి, వద్దనుకున్నవారు మానండి. అది మీ సొమ్ము, మీ ఇష్టం. కాని బడిలో, ఉద్యోగంలో, జాతర వీధిలో తలెత్తుకుని నిలబడే హక్కుకు ఏ దుకాణంలోనూ రసీదు దొరకదు. దానిని చట్టసభలోనూ, న్యాయస్థానంలోనూ, పోలింగు కేంద్రంలోనూ మనమే సంపాదించుకోవాలి.