జొన్నరొట్టెను మరిస్తే పేగులకు పస్తే

కృష్ణా, తుంగభద్రల మధ్య ఉన్న మా నడిగడ్డలో ఒకప్పుడు జొన్నరొట్టే రోజువారీ తిండి. ఇప్పుడు మానవపాడు వైపు కూడా చాలా ఇళ్లలో మూడు పూటలా అన్నమే. మలబద్ధకం, షుగర్ అంటూ ఓపీకి వచ్చేవారిని ‘రాత్రి ఏం తిన్నారు?’ అని అడిగితే నాకు ఎక్కువగా వినిపించే జవాబు అదే.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నల్లో పీచు సుమారు 10 గ్రాములు. పాలిష్ బియ్యంలో 3 గ్రాముల లోపే. ఈ పీచు మనకు అరగదు. పెద్దపేగు దాకా వెళ్లి అక్కడి మేలుచేసే బ్యాక్టీరియాకు ఆహారమవుతుంది. అవి దాన్ని పులియబెట్టి బ్యుటిరేట్ వంటి ఆమ్లాలు తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి పొర కణాలకు ప్రధాన ఇంధనం ఈ బ్యుటిరేటే.

ఇందుకోసం ఖరీదైన పీచు పొడులు కొనక్కర్లేదు. రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర చాలు. పిండిని మరీ జల్లించి పొట్టు పారేయకండి. పీచు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరిస్తుంది. కొద్దికొద్దిగా పెంచుతూ నీళ్లు బాగా తాగండి. జొన్నలోనూ పిండిపదార్థం ఉంటుంది. షుగర్ ఉన్నవారు రొట్టెలు లెక్కపెట్టుకునే తినాలి, మందులు ఆపకూడదు.

2025 ఉగాదికి రేషన్‌లో సన్నబియ్యం మొదలైంది. సంతోషమే. మనిషికిచ్చే ఆరు కిలోల్లో ఒక కిలో జొన్నలిస్తే పండించే రైతుకూ, తినే ఇంటికీ మేలు. ఇంట్లో అవ్వ ఉండగానే పిల్లలకు రొట్టె చేయడం నేర్పించడం మాత్రం మన పనే.